‘లారమీ ప్రాజెక్ట్’ ఆపమని సంతకాలు పెట్టిన మన తెలుగు తల్లిదండ్రులకు

అన్నయ్యలకు, వదినలకు, అక్కయ్యలకు, తమ్ముళ్ళకు నమస్కారం.

ఇక్కడ అమెరికాలో మన పిల్లల హైస్కూల్లో డ్రామా క్లబ్ వాళ్ళు ఈ స్ప్రింగ్‌కి ‘ది లారమీ ప్రాజెక్ట్’ అనే నాటకం వేస్తున్నారు. దాన్ని ఆపించమని స్కూల్ బోర్డుకి వెళ్ళిన పిటిషన్‌లో మన తెలుగువాళ్ళ పేర్లు చాలా ఉన్నాయి. పన్నెండో పేరు నాది.

ఆ ఆదివారం తెలుగు బడి అయ్యాక హాల్లో భోజనాలు జరుగుతుంటే గ్రూపులో లింక్ వచ్చింది. “గే నాటకమట, మన పిల్లల చేత వేయిస్తున్నారట” అని కింద రాసి ఉంది. ఒక చేతిలో పులిహోర ప్లేటు, ఇంకో చేతిలో ఫోను. బొటనవేలితో పేరు కొట్టి పంపేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ నాటకం నేను చదవలేదు. నా పక్కనే నిలబడి పేరు కొట్టిన ఇద్దరూ చదివారో లేదో అడగనూ లేదు. వెంటనే కోచింగ్ ఫీజుల గురించి మాటల్లో పడిపోయాం.

మా అమ్మాయి ఆ నాటకానికి లైట్లు చూస్తుంది. స్టేజి మీదకి రాదు, హాలు వెనక బూత్‌లో కూర్చుంటుంది. పిటిషన్ సంగతి దానికి స్కూల్లో ఎవరో చెప్పారు, నా పేరుతో సహా. ఇంటికొచ్చి అరవలేదు, ఏడవలేదు. బ్యాగులోంచి స్క్రిప్టు తీసి డైనింగ్ టేబుల్ మీద నా ముందు పెట్టి, “చదివే పెట్టావా అమ్మా?” అని ఒక్క మాట అడిగి పైకి వెళ్ళిపోయింది.

ఆ స్క్రిప్టు అంచుల నిండా పెన్సిల్ గుర్తులు. ఎక్కడ లైటు తగ్గాలి, ఎక్కడ ఒక్క మనిషి మీదే పడాలి, ఎక్కడ మొత్తం ఆరిపోవాలి, అన్నీ రాసుకుంది. ఒక పేజీలో ఎనిమిది సెకన్లు చీకటి అని రాసి కింద రెండు గీతలు గీసింది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చదివాను. పొద్దున్నే బోర్డుకి మెయిల్ పెట్టి నా సంతకం వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో మీకు చెప్పాలి. గ్రూపులో రెండు ముక్కల్లో చెప్తే గొడవవుతుంది తప్ప విషయం ఎవరికీ చేరదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు అసలు ఆ నాటకంలో ఏముందో వినండి.

లారమీ అనేది వయోమింగ్ రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. అప్పట్లో సుమారు 27 వేల జనం, ఒక యూనివర్సిటీ, చుట్టూ బయలు, ఎప్పుడూ వీచే గాలి. 1998 అక్టోబర్ 6 రాత్రి, ఆ యూనివర్సిటీలో చదువుకుంటున్న మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ళ కుర్రాణ్ణి అదే ఊరి కుర్రాళ్ళు ఇద్దరు బార్‌ దగ్గర తమ ట్రక్కులో ఎక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్ళారు. ఒక కర్ర కంచెకి కట్టేసి, పిస్టల్‌తో తల మీద బాది, వదిలేసి వెళ్ళిపోయారు. మర్నాడు సాయంత్రం అటువైపు సైకిల్ మీద వెళ్ళిన ఓ విద్యార్థి దూరం నుంచి చూసి దిష్టిబొమ్మ అనుకున్నాడు. దగ్గరికెళ్తే మనిషి. అప్పటికి దాదాపు 18 గంటలైంది. అక్టోబర్ 12న కొలరాడోలో, ఫోర్ట్ కాలిన్స్ ఆస్పత్రిలో మాథ్యూ ప్రాణం పోయింది. అతను గే. కొట్టినవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

నెల తిరగ్గానే మోయిసెస్ కౌఫ్‌మన్ అనే దర్శకుడు న్యూయార్క్ నుంచి తన టెక్టానిక్ థియేటర్ ప్రాజెక్ట్ బృందాన్ని తీసుకుని ఆ ఊరు వెళ్ళాడు. ఏడాదికి పైగా వెళ్తూ వస్తూ ఊరివాళ్ళతో 200కి పైగా ఇంటర్వ్యూలు చేశారు. ఆ ఊరివాళ్ళ మాటల్నే వరుసకి కూర్చి నాటకం చేశారు. 2000 ఫిబ్రవరిలో డెన్వర్‌లో మొదటిసారి ఆడింది. అప్పట్నుంచి ఈ దేశంలో ఎన్ని హైస్కూళ్ళలో, ఎన్ని కాలేజీల్లో ఆడిందో లెక్కపెట్టడం కష్టం. ఎనిమిది మంది నటులు అరవైకి పైగా మనుషులుగా మారతారు. బార్‌లో పనిచేసే కుర్రాడు, మహిళా పోలీసు, పాస్టర్లు, ప్రొఫెసర్లు, డాక్టర్లు.

మనం భయపడినవేవీ ఆ నాటకంలో లేవు. ముద్దు లేదు, పడకగది లేదు. మాథ్యూ షెపర్డ్ అనే పాత్రే లేదు. అతని గురించి అందరూ మాట్లాడతారు, అతను మాత్రం ఒక్కసారి కూడా స్టేజి మీదకి రాడు. బూతుమాటలున్నాయి, నిజమే. కోపంలో, దుఃఖంలో ఉన్న ఊరివాళ్ళు ఎలా మాట్లాడారో అలాగే ఉంచారు. మన పిల్లలు స్కూల్ బస్సులో అంతకంటే ఎక్కువే వింటున్నారు.

లారమీ ఎమర్జెన్సీ వార్డులో డాక్టర్ ఉంటాడు. మాథ్యూని తెచ్చిన రోజే, అదే ఆస్పత్రిలో ఇంకో కుర్రాడికి కూడా ఆయన వైద్యం చేశాడు. మాథ్యూని కొట్టింది ఆ కుర్రాడేనని ఆయనకి తర్వాత తెలిసింది. ఇద్దరూ చిన్న కుర్రాళ్ళే, ఇద్దరికీ నేనే వైద్యం చేశాను అంటాడు. ఫోర్ట్ కాలిన్స్ ఆస్పత్రి పెద్ద ప్రతి కొన్ని గంటలకీ టీవీ కెమెరాల ముందుకొచ్చి మాథ్యూ పరిస్థితి చదివి వినిపిస్తాడు. చివరి కబురు చెబుతూ మాథ్యూ తల్లి పంపిన మాట చదువుతాడు: వింటున్న వాళ్ళంతా ఇళ్ళకెళ్ళి పిల్లల్ని దగ్గరికి తీసుకోండి, మీరంటే ప్రేమ అని చెప్పని రోజు ఉండనివ్వకండి, అని. అది చదువుతూ ఆయన ఏడ్చేశాడు. ఏడ్చినందుకు తిడుతూ ఆయనకి మెయిల్ వచ్చింది. అదీ నాటకంలో ఉంది.

కానీ నన్ను కదలనివ్వనిది ఇంకో చోటు. మీ అందరికీ ఈ లేఖ రాయించింది కూడా అదే.

ఆ ఊళ్ళో నటన అంటే ప్రాణమైన ఓ కుర్రాడున్నాడు. యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కోసం థియేటర్ పోటీకి వెళ్తూ ఏదైనా గొప్ప సీను చెయ్యాలనుకున్నాడు. వాళ్ళ సార్ ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’లో ఒక సీను ఇచ్చారు. టోనీ కుష్నర్ రాసిన నాటకం అది, 1993లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఎయిడ్స్ కాలంలో గే మనుషుల కథ. అంతకుముందు వరకు ఆ కుర్రాడు వేసిన ప్రతి నాటకానికీ వచ్చిన అమ్మానాన్నలు, ఇది గే పాత్ర కాబట్టి రాం అన్నారు. వాడు వాళ్ళ మాట కాదని ఆ సీను వేశాడు, స్కాలర్‌షిప్ గెలిచాడు. తన బతుకులో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదని చెప్పుకుంటాడు. ఆ రోజు చూడటానికి అమ్మానాన్నలు మాత్రం లేరు.

కొన్నాళ్ళకి వాడే షేక్‌స్పియర్ నాటకంలో మాక్బెత్ వేషం వేస్తే వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. అప్పుడు వాడు అమ్మని అడుగుతాడు: ఈ రాత్రి నేను హంతకుడి వేషం వేశాను కదమ్మా, దానికి నీకేం అభ్యంతరం లేదే?

ఈ చోట మా అమ్మాయి పెన్సిల్‌తో ఏమీ రాయలేదు. పేజీ మూల మడిచింది.

పిటిషన్‌లో ఒక వాక్యముంది: ‘ఇలాంటివి ఈమధ్యే మొదలయ్యాయి, మన కాలంలో నాటకాలు ఇలా ఉండేవి కావు.’ మన కాలం సంగతి సరే, ఈ దేశం సంగతి చూద్దాం. చదివి తెలుసుకున్నాకే ఇది చెప్తున్నాను.

1923లో న్యూయార్క్ పెద్ద థియేటర్లుండే బ్రాడ్వేలో ‘గాడ్ ఆఫ్ వెంజెన్స్’ అనే నాటకం ఆడింది. షోలెం ఆష్ యూదుల భాష యిడ్డిష్‌లో రాసింది. వ్యభిచార గృహం నడిపే తండ్రి, పై అంతస్తులో యూదుల పవిత్ర గ్రంథం తోరా పెట్టుకుని కూతుర్ని పవిత్రంగా పెంచుదామనుకుంటాడు. ఆ కూతురు కింది అంతస్తులోని ఒక స్త్రీని ప్రేమిస్తుంది. వానలో తడిసి వచ్చిన ఆ ఇద్దరి మధ్య ఒక సీను, ఎంతో సున్నితంగా రాసింది. ఐరోపాలో ఏళ్ళ తరబడి ఆడిన ఆ నాటకం న్యూయార్క్‌లో ఆడుతుండగానే నిర్మాత మీదా నటుల మీదా అశ్లీలం కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది. రెండేళ్ళకి పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది కానీ అప్పటికి నాటకం పోయింది.

1927లో న్యూయార్క్ రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. స్టేజి మీద ఇలాంటి మనుషుల ప్రస్తావన తెస్తే థియేటర్‌కి ఏడాది పాటు తాళం వెయ్యొచ్చు. ఆ చట్టం పుస్తకాల్లోంచి పోయింది 1967లో. నలభై ఏళ్ళు! అంటే ఆ మనుషులు లేక నాటకాల్లో కనపడకపోవడం కాదు. తాళం వేసి ఉంచారు.

ఆ నలభై ఏళ్ళలో వాళ్ళు స్టేజి మీదకి ఎలా వచ్చారో చూడండి. 1934లో లిలియన్ హెల్‌మన్ ‘ది చిల్డ్రన్స్ అవర్’ 691 సార్లు ఆడింది. ఇద్దరు స్నేహితురాళ్ళు ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్ నడుపుతుంటారు. వాళ్ళిద్దరి మధ్య ఏదో ఉందని ఒక పిల్ల అబద్ధం చెబుతుంది. ఆ పిల్ల నాయనమ్మ మిగతా తల్లిదండ్రులకి ఫోన్లు చేస్తుంది. అంతే, ఒక్కొక్కరూ వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళిపోతారు, స్కూలు ఖాళీ అయిపోతుంది. చివరికి ఆ ఇద్దరిలో ఒకామె, తన మనసులో ఆ ప్రేమ నిజంగానే ఉందని ఒప్పుకుని తుపాకీతో కాల్చుకుంటుంది. ఆ ఫోన్ల సీను చదువుతుంటే నాకు మన గ్రూపు గుర్తొచ్చింది. దాచుకోకుండా చెప్తున్నాను.

1947లో టెనెసీ విలియమ్స్ ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’. విలియమ్స్ స్వయంగా గే. కానీ ఆ నాటకంలో గే మనిషి తెర లేవకముందే చచ్చిపోయి ఉంటాడు. బ్లాంచ్ చిన్నప్పుడు పెళ్ళాడిన కుర్రాడు. ఇంకో మగవాడితో ఉండగా ఆమె కంటపడ్డాడు, డాన్సు చేస్తూ చేస్తూ ఆమె ‘నువ్వంటే అసహ్యం’ అనేసరికి బయటికి పరుగెత్తి కాల్చుకున్నాడు. ఆమెకి ఆ రాత్రి గుర్తొచ్చినప్పుడల్లా ఆ డాన్సు ట్యూను మోగుతుంది, తుపాకీ చప్పుడుతో ఆగుతుంది. మనకి వినపడేది అంతే. ఆ కుర్రాడి ముఖం మనం చూడం.

అలా దశాబ్దాల పాటు ఆ స్టేజి మీద ఈ మనుషులకి చావే పాత్ర. లేదా ఒక మరక, ఒక గుసగుస. 1968లో మార్ట్ క్రౌలీ ‘ది బాయ్స్ ఇన్ ది బ్యాండ్’తో తొమ్మిది మంది మగవాళ్ళు పుట్టినరోజు పార్టీలో కూర్చుని తమ గురించి తామే, తమ నోటితో మాట్లాడారు. చిన్న థియేటర్లో మొదలై వెయ్యి సార్లు ఆడింది. ఆ మాటల్లో తమ మీద తమకే ఉన్న ద్వేషం నాకు భరించడం కష్టమైంది. అయినా ముందు మనుషులు నోరు విప్పాలి కదా.

తర్వాత ఎయిడ్స్ వచ్చింది. 1985లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్లో ల్యారీ క్రేమర్ ‘ది నార్మల్ హార్ట్’ వేసినప్పుడు సెట్టు మీద, హాలు గోడల మీద నల్లటి అక్షరాలతో పేర్లు, అంకెలు రాశారు. దేశంలో ఎయిడ్స్ కేసులు ఎన్ని అన్నది అందులో ఒక అంకె. ప్రభుత్వం కొత్త లెక్క చెప్పినప్పుడల్లా పాత అంకె కొట్టేసి దాని కిందే కొత్తది రాసేవారు. మన పిల్లలు ఈ లెక్కలు ఏ క్లాసులో నేర్చుకుంటారు? మా అమ్మాయి ఏపీ హిస్టరీ, అంటే స్కూల్లోనే కాలేజీ స్థాయి చరిత్ర, చదివింది. ఈ నాటకం సంగతి దానికి డ్రామా క్లబ్ లోనే తెలిసింది.

మీ పిటిషన్ కూడా కొత్తది కాదు. నాదీ కాదు. 1996లో నార్త్ కరొలైనాలోని షార్లట్‌లో ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’ ఆపాలని గొడవ జరిగితే, జడ్జి ఆర్డర్ ఇచ్చాకే తెర లేచింది. మరుసటి ఏడాది కౌంటీ కమిషనర్లు 5-4 ఓట్లతో ఆర్ట్స్ కౌన్సిల్‌కి ఇచ్చే 25 లక్షల డాలర్లు ఆపేశారు. ఆ డబ్బుతో నడిచేవి గే నాటకాలు మాత్రమేనా? ఆర్కెస్ట్రా, డాన్సు, పిల్లల కార్యక్రమాలు అన్నీ.

2023 జనవరిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఇంకోటి జరిగింది. ఇందాక చెప్పిన ‘గాడ్ ఆఫ్ వెంజెన్స్’ మీద కేసు పెట్టిన కథనే పాలా వోగెల్ ‘ఇన్‌డీసెంట్’ అని నాటకంగా రాశారు. 2017లో బ్రాడ్వేలో ఆడింది. అక్కడ కళల కోసమే ఉన్న ఓ ప్రభుత్వ స్కూల్లో పిల్లలు దాన్ని రిహార్సల్ చేస్తుంటే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆపేసి, బదులుగా రష్యన్ రచయిత చెకోవ్ ‘ది సీగల్’ వేసుకోమంది. ‘ది సీగల్’ చివర్లో ఓ యువకుడు తుపాకీతో కాల్చుకుంటాడు. అది పిల్లలకి తగిన నాటకం అయింది. ఇద్దరు ఆడవాళ్ళు వానలో తడిసి ప్రేమగా మాట్లాడుకోవడం తగనిది అయింది.

మాక్బెత్ కుర్రాడి ప్రశ్న మళ్ళీ చూడండి.

“మన సంస్కృతి” అన్న మాట పిటిషన్‌లో మూడుసార్లు ఉంది. మాది తెనాలి. నాటకాల ఊరు. మా నాన్న నన్ను భుజం మీద పెట్టుకుని నాటకాలకి తీసుకెళ్ళేవారు. హరిశ్చంద్ర కాటిసీను నాకు ఆరేళ్ళప్పుడు చూశాను. పాము కరిచి చచ్చిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి ఏడుస్తుంటే, కాటికాపరి వేషంలో ఉన్న భర్త సుంకం కట్టమంటాడు. ఆరేళ్ళ పిల్లకి ఆ సీను చూపించడం తప్పని మా నాన్నకి ఎవరూ చెప్పలేదు. పక్కన కూర్చున్న వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే వన్స్‌మోర్ అన్నారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. అదీ ఇదీ ఒకటని నేను అనడం లేదు. మగవాళ్ళు ఆడవేషం కట్టడం వేరు, ఇది వేరు. కానీ వేషం కట్టిన మనిషి వేషంలా అయిపోడని మనకి వందేళ్ళుగా తెలుసు. నాటకంలో పాత్ర వేస్తే పిల్లలు గే అయిపోతారన్న భయం మన నాటకాలు ఎరిగినవాళ్ళకి రాకూడని భయం.

‘ది లారమీ ప్రాజెక్ట్’ చివర్లో కూడా ఓ కాటిసీను ఉంది. మాథ్యూ తండ్రి డెనిస్ షెపర్డ్ కోర్టులో నిలబడి, కొడుకుని చంపినవాడితో మాట్లాడతాడు. 1999 నవంబర్లో నిజంగా మాట్లాడిన మాటలే. ఆ కంచె దగ్గర నా కొడుకు ఒంటరిగా లేడు అంటాడు. నక్షత్రాలున్నాయి, చంద్రుడున్నాడు, గాలి ఉంది, దేవుడున్నాడు అంటాడు. నువ్వు చావడం చూడాలని నాకూ ఉంది, కానీ మాథ్యూ పేరు మీద నీకు బతుకు ఇస్తున్నాను అంటాడు. మరణశిక్ష వద్దన్నాడు ఆ తండ్రి. మనలో కొడుకుల్ని కన్న నాన్నలున్నారు. ఆ నాలుగు పేజీలైనా చదవండి. మిగతాది వద్దు, అవి చాలు.

ఇంకొకటి, మనం తరచూ అనే మాట: ‘మనకెందుకు? ఎవరి బతుకు వాళ్ళది.’ లారమీ వాళ్ళు కూడా సరిగ్గా అదే అంటారు. మా ఊరు అలాంటిది కాదు, నువ్వు బతుకు, ఇంకొకర్ని బతకనివ్వు, అదే మా పద్ధతి అని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటారు. ఆ ఊళ్ళోనే ఉండే ఒక గే మనిషి మాత్రం దానికి అసలు అర్థం వేరంటాడు. నేనెవరో నీకు చెప్పకుండా ఉన్నంతకాలం నువ్వు నన్ను కొట్టవు, అంతేగా, అంటాడు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతేలో, పని అయ్యాక స్నేహితుడితో కూర్చున్న మన శ్రీనివాస్ కూచిభొట్లని ‘మా దేశంలోంచి పో’ అని అరిచి కాల్చి చంపారు. అదీ ఒక బార్‌ దగ్గరే. ఆ వారం మనమంతా గుడిలో కొవ్వొత్తులు వెలిగించాం. బయట ఉన్నప్పుడు తెలుగులో గట్టిగా మాట్లాడొద్దని పిల్లలకి చెప్పుకున్నాం. ఆ రోజు మన గురించి మాట్లాడటానికి వచ్చిన తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ‘మనకెందుకు’ అనుకుని ఉంటే? 2009లో ఒబామా సంతకం చేసిన విద్వేష నేరాల చట్టం మాథ్యూ షెపర్డ్ పేరు మీద, టెక్సస్‌లో ట్రక్కుకి కట్టి ఈడ్చి చంపిన జేమ్స్ బర్డ్ అనే నల్లజాతి మనిషి పేరు మీద ఉంది. మతం, రంగు, పుట్టిన దేశం చూసి కొట్టేవాళ్ళ మీద కూడా కేంద్రం కేసు పెట్టే వీలు దానివల్ల పెరిగింది. ఆ చట్టం మన పిల్లలకి కూడా కాపలా. అది రావడానికి పదేళ్ళ పైన పట్టింది. ఆ కుర్రాణ్ణి ఈ దేశం ఆ పదేళ్ళూ మర్చిపోకుండా చేసిన వాటిలో ఈ నాటకం ఒకటి.

నాకు ఈ నాటకాల మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది, అదీ చెప్తాను. ఇన్నేళ్ళలో మగవాళ్ళ కథలకి దొరికినంత చోటు ఆడపిల్లల కథలకి దొరకలేదు. న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో వావ్ కేఫ్ అనే చోట, మెట్లెక్కి వెళ్ళే ఓ గదిలో, 1980ల నుంచి ఆడవాళ్ళు చేతిలో డబ్బు లేకుండా లెస్బియన్ నాటకాలు వేసుకుంటూ వచ్చారు. అక్కడ మొదలైన లీసా క్రోన్, సంగీతం చేసిన జనీన్ టెసోరితో కలిసి ‘ఫన్ హోమ్’ అనే పాటల నాటకాన్ని బ్రాడ్వేకి తెచ్చేసరికి 2015 అయింది. అందులో ఒక చిన్న పిల్ల హోటల్లో తండ్రితో కూర్చుని ఉంటుంది. సామాను డెలివరీకి వచ్చిన ఒకామె కనపడుతుంది. జీన్స్, బూట్లు, నడుముకి తాళాల గుత్తి. ఆ పిల్ల ఆమెనే చూస్తూ ఉండిపోతుంది, నేను నిన్ను ఎరుగుదును అన్నట్టు ఓ పాట పాడుతుంది. ఆమెతో ఒక్క మాట మాట్లాడదు. అంతే సీను. మా అమ్మాయి కారులో ఆ పాట పెడితే ఇన్నాళ్ళూ నేను మాటలు వినకుండా డ్రైవ్ చేశాను.

మా అమ్మాయి ఎవరో, ఏమిటో నాకు తెలియదు. అడగలేదు. అది చెప్పినప్పుడు వింటాను. మన ఇళ్ళల్లో ఉన్న పిల్లల్లో ఒకరైనా ఈ ఊళ్ళో, ఈ గ్రూపులో, అమ్మ పేరో నాన్న పేరో ఆ పిటిషన్‌లో చూసుకుని ఉంటారు. చూసుకుని తలుపేసుకుని ఉంటారు. మన తెలుగులో ఈ మనుషులకి తిట్టుమాట ఉంది, పేపర్లో రాసే కోర్టుమాట ఉంది. ఇంట్లో అన్నం పెడుతూ మాట్లాడుకునే మాట లేదు. మన దేశంలో సుప్రీంకోర్టు 2018లోనే ఇది నేరం కాదంది. మన వంటింట్లో ఇంకా గొంతు తగ్గించే మాట్లాడతాం. ఆ పిల్లలు చెప్పుకోవడానికి తెలుగులో మాట వెతుక్కుని, దొరక్క ఇంగ్లీషులో చెప్తారు, అప్పుడు మనం “అమెరికా వాళ్ళని చూసి నేర్చుకున్నాడు” అంటాం.

డ్రామా టీచర్ గారిని తప్పు పట్టకండి. ఆమె మీద పిటిషన్‌లో రాసిన రెండు వాక్యాలు చాలా అన్యాయం. నేను చదవకుండా పెట్టిన సంతకం ఆ రెండు వాక్యాల కింద కూడా ఉంది. అందుకు ఆమెకి విడిగా ఉత్తరం రాసి క్షమించమన్నాను. ఆమె రెండు లైన్ల జవాబిచ్చి, రిహార్సల్‌కి వచ్చి కూర్చోమని పిలిచారు. వెళ్ళాను. మన పక్క వీధి కుర్రాడే మాథ్యూ తండ్రి మాటలు చెప్తున్నాడు. వాడి పేరు రాయను, వాళ్ళ నాన్న కూడా పిటిషన్‌లో ఉన్నారు. ‘చంద్రుడున్నాడు’ అనే చోట వాడికి గొంతు పట్టేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మూడుసార్లు. హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనక బూత్‌లోంచి మా అమ్మాయి మూడుసార్లూ లైటు మొదటికి తెచ్చి పెట్టింది.

ఆ కుర్రాడి నాన్నగారికి: అన్నయ్యా, మీ అబ్బాయి బాగా చేస్తున్నాడు. మీరు రండి. సీటు ఖాళీ ఉంచకండి.

బోర్డు మీటింగ్ వచ్చే మంగళవారం సాయంత్రం ఏడింటికి. సంతకం వెనక్కి తీసుకోవాలంటే బోర్డు సెక్రటరీకి ఒక్క లైను మెయిల్ చాలు, పిటిషన్‌లో ఇచ్చిన పేరు అలాగే రాయాలి. నాకు పది నిమిషాల్లో జవాబొచ్చింది. అందరూ వెనక్కి తీసుకోవాలని నేను అడగలేను. చదివి, అప్పటికీ వద్దనిపిస్తే అలాగే ఉంచండి, మీటింగులో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. స్క్రిప్టు కాపీలు మా ఇంట్లో నాలుగు ఉన్నాయి, లైబ్రరీలో కూడా పెట్టించాను.

ఇంకో పని ఉంది. నాటకంలో ఒక చోట, హంతకుడి కేసు విచారణ దగ్గరికి ప్లకార్డులతో వచ్చి మాథ్యూని తిడుతున్న వాళ్ళు ఊరివాళ్ళకి కనపడకుండా, మాథ్యూ స్నేహితులు పెద్ద పెద్ద తెల్లటి రెక్కలు కట్టుకుని వాళ్ళకి అడ్డంగా నిలబడతారు. ఎదురు తిట్టరు, ఒక్క మాట అనరు. 1999లో నిజంగా అలాగే చేశారు. ఆ రెక్కలు ఇప్పుడు మా గరాజ్‌లో తయారవుతున్నాయి. ప్లాస్టిక్ పైపులు, తెల్ల దుప్పట్లు. ఆరు జతలు అయ్యాయి, మూడు జతలు కుట్టాలి. నా మిషన్ దారం లాగేస్తోంది. మిషన్ ఉన్నవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం రెండింటికి తెచ్చుకుని రండి. దుప్పట్లు, దారం నా దగ్గర ఉన్నాయి. టీ పెడతాను.

ఇట్లు,
లైట్ల బూత్‌లో కూర్చునే అమ్మాయి వాళ్ళమ్మ